హాబీ గడి, లైసెన్సు గడి: టాటీబంధ్ షెడ్డు చెప్పిన పాఠం

డీఏఎఫ్ నింపేటప్పుడు మీ చెయ్యి ఎక్కడ ఆగుతుంది? సర్వీసుల వరుస దగ్గర, కేడర్ వరుస దగ్గర అని చాలామంది అంటారు. నాకు మాత్రం హాబీల గడి దగ్గర ఆగింది. మెయిన్స్‌కు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275 అని మనందరికీ కంఠతా వచ్చు. ఆ 275లో పుస్తకాలు పక్కన పెట్టి మనిషిని చూద్దామని బోర్డు అనుకుంటే, ముందుగా కన్ను పడేది ఈ గడి మీదే. ఆ భయంతో అందరం ఒకటే రాస్తాం: పుస్తక పఠనం, యోగా, పాత పాటలు వినడం. ప్రిపరేషన్ మొదలయ్యాక ఒక పాట చివరిదాకా విన్నవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండి.

ఈ వారం వ్యాసానికి హాబీనీ చట్టాన్నీ కలిపి తీసుకున్నాను. రెండూ ఎక్కడ కలుస్తాయో నాకు మా ఇంటి వెనక షెడ్డులోనే కనిపించింది.

మేం ఉండేది రాయ్‌పూర్‌లో, టాటీబంధ్‌లో. ఎయిమ్స్ పేరు చెబితే బయటివాళ్లు గుర్తుపడతారు. మాకు మాత్రం టాటీబంధ్ అంటే లారీలు. నాగ్‌పూర్ వైపు, కోల్‌కతా వైపు పోయే జాతీయ రహదారి, దాని పక్కన టైర్ల దుకాణాలు, బాడీ కట్టే వర్క్‌షాపులు, వెల్డింగ్ మెరుపులు, దుమ్ము. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం ఉంది కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం మనుషులు పని వెతుక్కుంటూ ఇటు రావడం పాత సంగతి. మా పెదనాన్న అలాగే వచ్చి ఉర్లా పారిశ్రామిక ప్రాంతంలో టర్నర్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి రిటైరైనా చెయ్యి ఊరుకోదు కదా. ఒక పాత లేత్ కొని షెడ్డులో వేసుకున్నారు.

ఆదివారం పొద్దున అక్కడికి నలుగురు వస్తారు. ఒక సర్దార్జీ, ఒకప్పటి లారీ యజమాని, ఇప్పుడు పాత రాజ్‌దూత్ మోటార్‌సైకిల్‌ను తిరిగి నడిపించే పనిలో ఉన్నారు. ల్యాబ్ టెక్నీషియన్ ఒకతను సెలవు దొరికితే ఖారూన్ నది ఒడ్డున గాలం వేస్తాడు. మూడో ఆయన మా పెదనాన్నకు వరసకు బావ, సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చారు, నాకు మావయ్య. నాలుగోవాణ్ణి నేను, టీ తెచ్చే ఉద్యోగం.

వాళ్లు చేసేది పెద్దగా ఏమీ ఉండదు. "ఈ వారం ఏటి సేసినావు?" అని పెదనాన్న అడుగుతారు, ఒక్కొక్కరూ చెబుతారు. గోధుమపిండి ముద్దకు పసుపు కలిపితే చేప ముట్టలేదని టెక్నీషియన్ చెబుతాడు. ఏ మర ఎందుకు కుదరలేదో సర్దార్జీ చెబుతారు. రాజ్‌దూత్ పోలండ్ డిజైన్, దాని మరలన్నీ మిల్లీమీటర్ల లెక్క. పెదనాన్న లేత్ అంగుళాల లెక్క. ఒక దాని మీద మరొకటి కచ్చితంగా కొయ్యాలంటే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దానికి అయిదు రెట్లు 127. ఆ ఒక్క గేరు కోసం తుక్కు దుకాణాలన్నీ తిరిగారు. దొరికిన రోజు షెడ్డులో లడ్డూలు పంచారు. ప్రిలిమ్స్ పాసైనప్పుడు మా ఇంట్లో అన్ని పంచలేదు.

మీరు గమనించండి, వాళ్లు ఎక్కువగా చెప్పుకునేది కుదరని సంగతులు. మన గ్రూపుల్లో ఎవరైనా పంచుకునేది ర్యాంకు, స్ట్రాటజీ, టైమ్‌టేబుల్. పసుపు కలిపితే చేప ముట్టలేదన్న వాక్యం మన దగ్గర వినపడదు.

ఇక అసలు విషయం. మావయ్య దగ్గర లైసెన్సు ఉన్న 12 బోర్ తుపాకీ ఒకటి ఉంది. ఆయన మనవడు టెక్సస్‌లో ఉంటాడు. పక్కింటి తెల్లాయన గ్యారేజీలో బల్ల మీద చిన్న ప్రెస్ పెట్టుకుని, కాల్చేసిన తూటాల గొట్టాలను మళ్లీ నింపుకుంటాడట. వాళ్లు దాన్ని రీలోడింగ్ అంటారు. సాయంత్రం పూట కొందరు స్నేహితులు చేరి ఎవరు ఎలా నింపారో, ఎలా పేలిందో మాట్లాడుకుంటారు. మనవడు వీడియో పంపాడు. మావయ్య అది పెదనాన్నకు చూపించి, "నీ చేతిలో పని ఉంది, లేత్ ఉంది, ఇలాంటిది ఒకటి చెయ్యవా బావా?" అన్నారు. ఆయన తండ్రి రోజుల్లో, అడవి పందులు చేలో పడుతుంటే, ఇత్తడి గొట్టాలను ఇంట్లోనే నింపుకునేవారట. కొత్త విద్యేం కాదు.

పెదనాన్న కుదరదన్నారు. మావయ్యకు కోపం వచ్చింది. అమెరికాలో కాలక్షేపమైనది ఇక్కడ నేరం ఎలా అవుతుందని నన్ను నిలదీశారు, చదువుకుంటున్నది నేనే కదా.

ఆయుధాల చట్టం, 1959 తెరిచాను. మీరూ సెక్షన్ 2లోని నిర్వచనాలు ఒకసారి చదవండి, చిన్నదే. అక్కడ 'మందుగుండు' అన్న మాటలో పేలే తూటా ఒక్కటే లేదు. తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ అందులోకే వస్తాయి. అంటే పెదనాన్న లేత్ మీద ఆ చిన్న పరికరం తయారైన క్షణాన, అది చట్టం కళ్లకు మందుగుండే. సెక్షన్ 5 ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత అది లేకుండా తయారుచేస్తే శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. అమెరికాలో సొంత వాడకానికి నింపుకునేవాడికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు; అమ్మకానికి చేస్తేనే కావాలి. అక్కడి ప్రశ్న 'ఎవరికి అమ్ముతున్నావు', ఇక్కడి ప్రశ్న 'నీ దగ్గర ఏముంది'.

ఇది వలస పాలన వాసన అని కొట్టిపారేయడం మనకు తేలిక. 1878 నాటి చట్టం గురించి రెండు వాక్యాలు రాసి మార్కులు తెచ్చుకోవచ్చు కూడా. నేను అలా అనుకోవడం లేదు. లైసెన్సు పుస్తకం తెరిచి చూడండి: ఒకసారికి ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అని అంకెలుంటాయి. ఆ పుస్తకం మొత్తం నిలబడింది లెక్క మీద. గొట్టాన్ని మళ్లీ నింపగలిగితే పది తూటాలు పది కావు, ముప్పై కావచ్చు, యాభై కావచ్చు. అప్పుడు ఆ పుస్తకంలో రాసిన అంకెకు అర్థం ఉండదు. పెదనాన్న దీన్నే ఒక్క ముక్కలో చెప్పారు: "లేత్ నాది బావా, లెక్క సర్కారుది."

పైగా మనం ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లో. బస్తర్ నుంచి వచ్చే ఎన్‌కౌంటర్ వార్తల్లో 'భర్‌మార్' అన్న మాట మీరు చదివే ఉంటారు. గొట్టం మూతి నుంచి మందు కూరే నాటు తుపాకీ అది. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ ఇలాంటివి కొత్త కాదు. ఇనుము తెలిసిన చెయ్యి, మందు తెలిసిన చెయ్యి కలిస్తే తుపాకీ పుడుతుంది. టెక్సస్ గ్యారేజీలో ఆదివారం కబురైనది, మన రాష్ట్రంలో పంచనామాలో ఒక వస్తువు. పని ఒకటే కావచ్చు, చుట్టూ ఉన్న నేల వేరు.

అయితే మరి రాజ్యం హాబీలన్నిటికీ తలుపు మూసేయాలా? ఇక్కడ మీకు వ్యాసానికి పనికొచ్చే మరో ఉదాహరణ ఉంది, అదీ మన హైదరాబాద్‌ది. హామ్ రేడియో. గాలిలోకి సంకేతం పంపడం కూడా దేశభద్రత విషయమే. కానీ అక్కడ ప్రభుత్వం పరీక్ష పెట్టింది. పాసైతే లైసెన్సు, ఒక కాల్ సైన్. 1978 నాటి నిబంధనలు అందుకే ఉన్నాయి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది. అక్కడ ఏళ్ల తరబడి హామ్‌లకు అనుమతి లేదు. ప్రత్యేకంగా అడిగి తెచ్చుకున్నారు. వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో సరదాగా ప్రపంచంతో మాట్లాడుకుంటుండగా డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. కాలక్షేపానికి పెట్టిన ఆ రేడియోల మీదే ద్వీపాల క్షేమ సమాచారం నడిచింది. విపత్తు నిర్వహణ ప్రశ్నకు దీన్ని వాడుకోండి, అందరూ రాసే ఉదాహరణ కాదు.

డ్రోన్లకు 2021 నిబంధనలు బరువుతో గీత గీశాయి, 250 గ్రాముల లోపు నానో డ్రోన్ ఎగరేసేవాడికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. గాలి తుపాకులకు శక్తితో గీత, 20 జౌళ్లు. అలాగని 20 జౌళ్ల లోపుదానితో పిట్టను కొట్టవచ్చని కాదు, వన్యప్రాణి చట్టం 1972 అక్కడే నిలబడి ఉంటుంది. ఒక్కో హాబీకి ఒక్కో రకం గేటు. తూటా నింపడానికి పరీక్ష పెట్టి గేటు తెరవవచ్చు కదా అంటే, నా సమాధానం వద్దనే. రేడియో లైసెన్సు ఉన్నవాడు తప్పు చేస్తే తరంగం దొరికిపోతుంది. షెడ్డులో నింపిన తూటా పేలేదాకా ఎవరికీ తెలియదు. దీనితో మీరు విభేదించవచ్చు, కానీ విభేదించేటప్పుడు ఆ లెక్క ఎవరు రాస్తారో కూడా చెప్పండి.

ఇదంతా విని మావయ్య శాంతించారనుకోకండి. "సరే, నింపుకోను. మరి నేను ఈ తుపాకీ ఎందుకు ఉంచుకున్నానో మీ సర్కారు ఎప్పుడైనా అడిగిందా?" అన్నారు. అడిగింది. దరఖాస్తులో ఆ గడి ఉంది. దాంట్లో ఆయన ఏళ్లుగా 'ఆత్మరక్షణ' అని రాస్తూ వస్తున్నారు. ఎవరి నుంచి రక్షణ అంటే చెప్పలేరు. ఆయనకు తుపాకీ విప్పి, తుడిచి, నూనె రాసి, మళ్లీ బిగించడం ఇష్టం. గురి ఇష్టం. కానీ ఆఫీసులో ఇష్టం అని రాస్తే నవ్వుతారని ఎవరో చెప్పారు.

మన డీఏఎఫ్ గడికీ ఆయన దరఖాస్తు గడికీ తేడా ఏముంది? నిజంగా చేసేది దాచి, ఆఫీసుకు నచ్చుతుందనుకున్న మాట రాస్తున్నాం. అటువైపు కూర్చున్న అధికారికీ అదే మాట వెయ్యిసార్లు చదివి, ఎవరు నిజం చెబుతున్నారో తెలుసుకునే ఓపిక పోతుంది. రేపు మీరు జిల్లా మేజిస్ట్రేట్ అయితే ఆ ఫైలు మీ బల్ల మీదికే వస్తుంది. ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలో అయిదో అంశమైనా, ఇలాంటి లైసెన్సు మీద సంతకం జిల్లాలోనే. పోలీసు నివేదిక తెప్పించుకోవాలి. కాదంటే కారణం కాగితం మీద రాయాలి, సెక్షన్ 14 అదే చెబుతుంది. ఏళ్ల తరబడి ఫైలు కదలకుండా ఉంచడం నిరాకరణ కిందికి రాదు కాబట్టి కారణం రాయక్కర్లేదనుకునే ఆఫీసులు ఉంటాయి. తూటా నింపొద్దన్న చట్టం నాకు న్యాయంగానే తోస్తుంది. ఈ మౌనం మాత్రం తోచదు.

సెక్షన్ 13 చదివి వినిపించాను. ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం ఉన్న తుపాకీకి అక్కడ రెండు ప్రయోజనాలు రాశారు: రక్షణ, లేదా క్రీడ. మావయ్య కళ్లద్దాలు పెట్టుకుని ఆ మాట తనే ఇంకోసారి చూశారు.

"క్రీడ అని ఉందా?"

"ఉంది మావయ్యా. కాని ఏ రైఫిల్ క్లబ్బులో కాలుస్తారు అని అడుగుతారు."

"అడగనీ. చేరతాను."

లైసెన్సు గడువు ఇప్పుడు అయిదేళ్లు, ఆయనది ఈ ఏడాదితో ముగుస్తుంది. పునరుద్ధరణ దరఖాస్తు నేనే నింపాను, ప్రయోజనం గడిలో ఆయన చెప్పినట్టే రాశాను. పోలీసు స్టేషన్ నుంచి ఇంకా ఎవరూ రాలేదు. నా డీఏఎఫ్‌లో 'లేత్ పని, పాత యంత్రాల మరమ్మతు' అని పెట్టాను. 127 పళ్ల గేరు ఎందుకు కావాలో బోర్డు అడిగితే చెప్పగలను. రీలోడింగ్ గురించి అడిగినా చెప్పగలను. గాలం గురించి అడిగితే మాత్రం టెక్నీషియన్‌ను పిలవాలి, అతను ఈ వారం పిండిలో సోంపు కలిపి చూస్తానంటున్నాడు.