రెండు దేశాల మురుగు

"ఫిన్లండు వెళ్ళొచ్చారట గదా, ఏమేం చూశారు?" అని ఎవరడిగినా మా ఆవిడ రాత్రి పదకొండింటికి కాసే ఎండ గురించి చెబుతుంది. రోడ్డుకు అడ్డం వచ్చి నిలబడే రెయిన్‌డీర్ల గురించి చెబుతుంది. అంతా చెప్పి, నా వైపో చూపు విసిరి, "ఈయన మాత్రం మురుగునీళ్ళ కార్ఖానా చూసొచ్చారు" అని ముగిస్తుంది. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ముప్ఫై మూడేళ్ళు మునిసిపల్ ఇంజనీరింగు శాఖలో కాలవల మధ్యా తూముల మధ్యా బతికినవాడికి అంతకంటే ఏం కనిపిస్తుంది లెండి!

కాని ఆ నవ్వు వెనక ఓ సంగతుంది. అది మా ఆవిడకు కూడా మొన్న మొన్నటి దాకా తెలియదు.

మా అల్లుడు ఔలు అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. ఫిన్లండులో ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న పట్నం. 2024 జూన్‌లో మేమిద్దరం అక్కడికి వెళ్ళాం. ఓ శనివారం పొద్దున్న అల్లుడు, "మామయ్యగారూ, ఇవాళ స్వీడను చూసొద్దాం, సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు" అన్నాడు. పక్క ఊరి సంతకు వెళ్ళొద్దాం అన్నట్టుగా అన్నాడు. నేను పాస్‌పోర్టులు, వీసా కాగితాల నకళ్ళు, ఇన్సూరెన్సు కాగితం అన్నీ సంచీలో సర్దుకుని దారి పొడుగునా తడిమి చూసుకుంటూ కూర్చున్నాను. నూట ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళాక తోర్నియో అనే ఊరొచ్చింది. అది ఫిన్లండు. ఆ ఊళ్ళో ఓ వీధి దాటితే హాపరాండ. అది స్వీడను. సంచీ ముడి విప్పమని అడిగిన నాథుడు లేడు. నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

రెండు దేశాల మధ్య తోర్నె నది సరిహద్దు అని పుస్తకాల్లో ఉంటుంది. తీరా చూస్తే తోర్నియో నడిబొడ్డు నదికి ఇవతల లేదు, స్వీడను గట్టుకు ఆనుకున్నట్టున్న లంకలో ఉంది. ఆ లంకకూ హాపరాండకూ నడుమ ఉన్నది కాస్త చిత్తడి నేల. 1809లో స్వీడను రష్యాతో యుద్ధంలో ఓడి ఫిన్లండును వదులుకున్నప్పుడు, జార్ చక్రవర్తి ఈ ఊరును కూడా పట్టుబట్టి తనవైపు గీత లోపలికి లాక్కున్నాడు. ఊరు పోగొట్టుకున్న స్వీడనువాళ్ళు అవతల ఉన్న హాపరాండ పల్లెను పెంచుకున్నారు. 1842 నాటికి అది పట్టణమయింది. 1917లో ఫిన్లండు స్వతంత్రమయినా గీత అక్కడే ఉంది. నేటికీ తోర్నియోలో ఇరవై వేల పైచిలుకు జనం, హాపరాండలో పదివేల లోపు. మన లెక్కన రెండూ కలిపినా ఓ చిన్న మునిసిపాలిటీ.

గీత దగ్గర మా మనవరాలు ఓ కాలు ఇటూ ఓ కాలు అటూ వేసి నిలబడి, "తాతయ్యా! నా కుడికాలికి పదకొండయింది, ఎడమకాలికి పదే!" అని కేకేసింది. నిజమే. ఫిన్లండు గడియారం స్వీడను కంటే గంట ముందు నడుస్తుంది. కొత్త సంవత్సరం అక్కడ గంట తేడాతో రెండుసార్లు వస్తుందట. నాణేలు వేరు, ఇటు యూరో, అటు క్రోనా. భాషలు వేరు. రైలు పట్టాల వెడల్పు కూడా వేరు. ఫిన్లండులో 1524 మిల్లీమీటర్లు, జార్‌ల కాలం నాటిది, స్వీడనులో 1435. మన చిన్నతనంలో మీటరు గేజి దిగి బ్రాడ్ గేజి ఎక్కడానికి సామాన్లు మోసినవాళ్ళకు ఈ బాధ చెప్పనక్కర్లేదు.

వ్యాపారం మాత్రం గీతను లెక్క చేయదు. పెదవి కింద పెట్టుకునే 'స్నూస్' అనే పొగాకు అమ్మడం ఫిన్లండులో నిషేధం, స్వీడనులో బాహాటం. అంచేత ఫిన్లండు మొగవాళ్ళు హాపరాండ దుకాణాల ముందు బారులు తీరతారు. 2006లో హాపరాండలో ఐకియా వారి పెద్ద సామాన్ల కొట్టు తెరిచారు. పదివేల జనం లేని ఊళ్ళో అంత కొట్టేమిటని అనుకోకండి. గీత అవతలి బేరాన్ని కూడా లెక్క వేసుకునే పెట్టారు.

ఇవన్నీ చూస్తూ అల్లుడి సహోద్యోగి ఒకతని ఇంటికి వెళ్ళాం. ఆ అబ్బాయి తండ్రి తోర్నియో మునిసిపాలిటీలో నీళ్ళ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. "మీ మామగారిదీ మా నాన్నదీ ఒకే వృత్తి, కలుపుదాం" అనుకున్నారట కుర్రాళ్ళిద్దరూ. ముసలాయనకు నా కంటే రెండు మూడేళ్ళు ఎక్కువుంటాయి. వాళ్ళావిడ కాఫీతో పాటు ఓ తియ్యరొట్టె పెట్టింది. తుంచగానే గుప్పున ఏలకుల వాసన! మా ఆవిడ మొహం విచ్చుకుంది. ఉత్తర ధ్రువం దాపున ఏలకులేమిటో, ఆ దేశం వాళ్ళకు ఏలకులు లేని రొట్టె రొట్టే కాదట.

మాటల్లో ఆయన, "మా ఊరి మురుగు హాపరాండకు వెళుతుంది" అన్నాడు. కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు. తప్పుగా విన్నాననుకుని మళ్ళీ అడిగాను. నిజమేనట. 1960లలో ఈ రెండు మునిసిపాలిటీలూ మొదట ఈతకొలను విషయంలో కలిశాయి. చెరొకటి కట్టుకునే తాహతు లేక తోర్నియోలో ఒక్కటి కట్టి, రెండూళ్ళ పిల్లలూ వాడుకునేటట్టు ఏర్పాటు చేసుకున్నాయి. 1971 నుంచి మురుగునీళ్ళు శుభ్రం చేసే కార్ఖానా ఉమ్మడిది. అది స్వీడను గడ్డ మీద ఉంది, ఫిన్లండు మురుగు గొట్టాల్లో సరిహద్దు దాటి అక్కడికి వెళుతుంది. ఇటు మురుగయినా అటు మురుగయినా చివరికి చేరేది ఒకే బాత్నియా అఖాతం గదా! 1987లో ఇద్దరూ కలిసి ఓ ఉమ్మడి సంస్థనే పెట్టుకున్నారు, 'ప్రావిన్సియా బాత్నియెన్సిస్' అని. ఎవరి భాషలో పేరు పెట్టినా రెండోవాళ్ళకు కష్టమనో ఏమో, లాటిన్‌లో పెట్టారు.

నేను అడిగాను: "మీ పన్ను డబ్బు పరాయి దేశంలో ఖర్చు పెట్టడానికి మీ ఆడిట్ వారు ఒప్పుకున్నారా? ఏ నిబంధన కింద?"

కొడుకు తర్జుమా చేశాడు. ముసలాయన కాసేపు ఆలోచించాడు. ప్రశ్న అర్థంకాలేదని మొహమే చెబుతోంది. చివరికి, "రెండు కడితే ఎక్కువవుతుంది, ఒకటి కడితే తక్కువవుతుంది" అన్నాడు. గొడవలు లేవా అంటే, ఎందుకు లేవు, ఖర్చు పంపకం మీద ఉన్నాయి, మీటింగు ఎవరి గడియారం ప్రకారమన్న దాని మీద ఉన్నాయి, అని నవ్వాడు. భోజనాలయ్యాక వచ్చే దారిలో మమ్మల్ని ఆ కార్ఖానా వైపు తీసుకువెళ్ళాడు. కంచె బయటినుంచి చూశాను. గుండ్రటి తొట్లు, మెల్లగా తిరిగే చేతులు. మన దగ్గరా ఉంటాయి అటువంటివి. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడిపోయాననీ, "ఏమండీ, పిల్ల ఎండలో ఉంది" అని మూడుసార్లు పిలవవలసి వచ్చిందనీ మా ఆవిడ ఫిర్యాదు.

అక్కడ నిలబడి నేను చూస్తున్నది హాపరాండను కాదు.

1993లో నేనో డెల్టా పట్టణంలో మునిసిపల్ ఇంజనీరును. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. ఊరి మురుగంతా ఓ కాలవలో పడి, రెండు మైళ్ళ దిగువన ఓ పంచాయతీ చెరువు పక్కగా వెళ్ళేది. వానాకాలంలో గట్టు తెగి చెరువులో కలిసేది. ఆ చెరువే వాళ్ళకు మంచినీళ్ళు. ఆ పంచాయతీ సర్పంచి ఓ రోజు నా దగ్గరకొచ్చాడు. ఆరెకరాల బంజరు తాము ఇస్తామన్నాడు. అక్కడ మురుగు నిలిపి శుద్ధిచేసే చెరువులు మునిసిపాలిటీ తవ్విస్తే, ఏటేటా అయ్యే ఖర్చు సగం సగం పెట్టుకుందామన్నాడు. మంచి ప్రతిపాదన. ఇంజనీరుగా నాకది వినగానే తెలిసింది.

కాని ఆయన నేను కూర్చోమనకుండానే కూర్చున్నాడు. "మీ పెంట మేం తాగుతున్నాం ఇంజనీరు గారూ" అన్నాడు, గుమాస్తాలందరూ వింటుండగా. నాకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం ఫైలు మీద రాశాను: "పురపాలక సంఘ నిధులను సంఘ పరిధికి వెలుపల వెచ్చించుట నిబంధనలకు విరుద్ధము. కావున ప్రతిపాదన తిరస్కరింపదగినది." రాత చక్కగా కుదిరింది. పై అధికారిని అడిగి ప్రత్యేక అనుమతి తెచ్చుకునే దారి ఉందని నాకు తెలుసు. ఆ వాక్యం రాయలేదు. ఫైలు మూతపడింది.

ఆ ఏడు వానలకు ఆ పల్లెలో పచ్చకామెర్లు వచ్చాయి. మా ఆఫీసు అటెండరుది ఆ ఊరే. అతని కూతురు, పదకొండేళ్ళది, పదహారు రోజుల్లో పోయింది. ఆ నీళ్ళవల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేదు. వారం తర్వాత అతను పనిలోకి వచ్చి, రోజూలాగే నా బల్ల మీద టీ గ్లాసు పెట్టాడు. నా నోటు సంగతి అతనికి తెలుసో తెలియదో నేను ఏనాడూ అడగలేదు.

ఔలు తిరిగొచ్చాక అల్లుడి కంప్యూటరు ముందు కూర్చుని, ఏ చట్టం కింద చేశారో పట్టుకోవాలని రెండు రోజులు వెతికాను. నిబంధన దొరికితే నా మనసుకు కాస్త ఊరట. వాళ్ళకు చట్టం ఉంది కాబట్టి చేశారు, మాకు లేదు కాబట్టి చేయలేదు అనుకోవచ్చు గదా! దొరికింది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మునిసిపాలిటీలు కలిసి పనిచేసుకోవచ్చునని డెన్మార్కు, ఫిన్లండు, నార్వే, స్వీడను ఒప్పందం రాసుకున్నది 1977లో. యూరపు దేశాలన్నిటికీ పనికొచ్చే మాడ్రిడ్ ఒడంబడిక 1980లో. కార్ఖానా 1971ది! ముందు గొట్టం వేశారు, తర్వాత చట్టం వచ్చింది. నాకు ఊరట లేకుండా పోయింది.

వెతకగా ఇలాంటివి ఇంకా దొరికాయి. జర్మనీ, హాలండు సరిహద్దు ఊళ్ళు 1958లోనే 'యూరెజియో' పేరుతో జట్టుకట్టాయి. యుద్ధం ముగిసి పదమూడేళ్ళే అయింది అప్పటికి. పిరనీస్ కొండల్లో స్పెయిను వైపున్న పుయిగ్సెర్దా ఊళ్ళో ఫ్రాన్సు, స్పెయిను కలిసి ఒకే ఆస్పత్రి కట్టాయి, 2014లో తెరిచారు. రెండువైపుల రోగులకూ అదొక్కటే.

అంతా పంచదార పాకమని చెప్పను. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫిన్లండు ప్రభుత్వం సరిహద్దు మూసింది. ఆ రెండూళ్ళ మధ్య చౌకులో ఇనపకంచె లేచింది. పనికి వెళ్ళేవాళ్ళను వదిలినా, తక్కినవాళ్ళు కంచెకు ఇవతలా అవతలా నిలబడి పలకరించుకున్నారు. రాజధానివాళ్ళు ఒక్క కాగితంతో ఎంత పని చేయగలరో ఆ ఊళ్ళు చూశాయి. ముసలాయన దాని గురించి చెప్పినప్పుడు నవ్వలేదు. "గొట్టం మాత్రం మూయలేదు" అన్నాడు. ఎలా మూస్తారు!

ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పాను. రాత్రి అంటున్నానే గాని బయట పట్టపగలే. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఫోన్ నంబరుందా?" అని అడిగింది.

ఉంది. సంక్రాంతికోసారి అతనే చేస్తాడు. మర్నాడు సాయంత్రం నేనే చేశాను. అక్కడ ఎనిమిది, మనకు పదిన్నర. నిద్రలోంచి లేచాడు కాబోలు.

"అయ్యగారూ, అంతా కులాసాయేనా? ఈ వేళప్పుడు చేశారేమిటి?" అన్నాడు కంగారుగా.

చెప్పదలచుకున్నది గొంతు దాకా వచ్చింది. "ఇక్కడింకా ఎండ కాస్తోందయ్యా" అన్నాను. అతను నమ్మలేదు, నవ్వాడు. మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడని చెప్పాడు. కాసేపయ్యాక అడిగాను.

"ఆ మురుగు కాలవ ఇప్పుడెలా ఉంది?"

అవతల కొంచెం సేపు మాట లేదు. "ఆ ఫైలు మీరు చూసేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉందండి, అయ్యగారూ" అన్నాడు.