మడమలు చూడండి



వృద్ధాశ్రమ పరిచర్యకు వెళ్లినప్పుడు మనం ఏం చేస్తాం? పళ్లు, బిస్కెట్లు పంచుతాం, రెండు పాటలు పాడి ప్రార్థన చేస్తాం, ఫోటో దిగి వచ్చేస్తాం. అది తప్పని మేము అనడం లేదు. కానీ ఆ గంటసేపు అందరూ ఉతికిన బట్టల్లో, దువ్విన తలలతో వరుసగా కూర్చుని ఉంటారు. మనం వస్తామని ముందే తెలుసు కదా! మిగతా ఇరవై మూడు గంటలు ఎలా గడుస్తున్నాయో ఆ వరుస చూస్తే తెలియదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము తెరవండి. యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూశారు. వారిని కొట్టారని వాక్యములో లేదు. పట్టించుకోలేదు, అంతే. సణుగు బయలుదేరింది. అపొస్తలులు ఆ సణుగును గద్దించలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచుకోమని సంఘానికి చెప్పి, వారికి పని అప్పగించారు. ఫిర్యాదు చేయడమే అవిధేయత అనుకునేవారు ఈ అధ్యాయము రెండుసార్లు చదవాలని మా మనవి.

మొన్న వేసవిలో ఒక ఆశ్రమంలో ఒక మామ్మగారిని కలిశాము. ఊరు, పేరు చెప్పము. బాగా చూసుకుంటున్నారా అని అడిగితే "బాగానే చూస్తున్నారు అయ్యగారూ" అన్నారు. అన్నారు గాని, ఆమె కళ్లు తలుపు దగ్గర నిలబడిన ఆయా మీద ఉన్నాయి. అంత ఎండలో కాళ్ల మీద మందపాటి దుప్పటి. పాస్టరమ్మగారు కాళ్లు పడతానంటూ దుప్పటి తీశారు. మడమ నల్లబడి, పుండు పడి ఉంది.

మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే ఎముక ఒత్తుకునే చోట, అంటే మడమ, తుంటి, నడుము కింద, రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. మన రంగు చర్మం మీద ఎరుపు తొందరగా కనబడదు. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా, వేడిగా, గట్టిగా ఉంటే అనుమానించండి. ఎండిన పెదవులు, పెరిగిన గోళ్లు, మోచేతి దాకా జారుతున్న గాజులు, మధ్యాహ్నమంతా మత్తుగా నిద్ర, చేతికందని దూరంలో మంచినీళ్ల గ్లాసు, ఇవన్నీ చూడాలి. పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉందో మెల్లగా అడగాలి.

అయితే రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. ప్రతి మచ్చా దౌర్జన్యం కాదు. రాత్రిపూట ఇరవై మందికి ఒక్క ఆయా ఉన్నచోట ఆమెను మాత్రమే దోషిని చేయడం కూడా న్యాయం కాదు.

ఆ రోజు మేము అక్కడ కేకలు వేయలేదు. మనం బండెక్కి వెళ్లిపోతాం, ఆ రాత్రి మామ్మగారు అక్కడే పడుకోవాలి. ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడి, ఆమె ఒప్పుకున్నాక పుండు ఫోటో తీసి, తేదీ రాసుకుని, నిర్వాహకుడితో మాట్లాడి డాక్టరును పిలిపించాము. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కూతురికి ఫోన్ చేశాము. ఆ అమ్మాయి ఏడ్చి, "ఎక్కడికి తీసుకెళ్లమంటారు అయ్యగారూ?" అంది. మా దగ్గర వెంటనే జవాబు లేదు. కట్టు మార్చేటప్పుడు చూసి రావడానికి మన సంఘపు అక్కలు ఇద్దరు వంతులు వేసుకున్నారు. పుండు మానడానికి చాలా వారాలు పట్టింది.

నిర్వాహకులు వినకపోతే 14567కు ఫోన్ చేయండి. వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు, ఉదయం 8 నుండి రాత్రి 8 వరకు పలుకుతారు. ప్రాణం మీదికి వస్తే 108, కొడుతుంటే 112. ఇంకొక మాట: 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, చూసుకోవలసినవారే వృద్ధులను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ మాట కొన్ని ఇళ్లలో చెప్పవలసి ఉంది, చెబుతాము.

ఇకమీదట ముందుగా కబురు చేయకుండా, భోజనాల వేళకు, ఇద్దరిద్దరుగా వెళ్దాం. ఆదివారం ఆరాధన తరువాత పేర్లు రాసుకుంటాము. వచ్చేవారు బిస్కెట్లతో పాటు గోళ్లు తీసే కట్టరు, కొబ్బరినూనె తెచ్చుకోండి.