ఎక్కడ నొప్పి?

కడుపుతో ఉండటానికి మన భాషలో ఎన్ని మాటలో! నెల తప్పింది, నీళ్లోసుకుంది, వట్టి మనిషి కాదు. నొప్పులంటే మాత్రం ఒకటే అర్థం, కాన్పు నొప్పులు. నేను చదివిన కథలూ నవలలూ చాలావరకు అంతే. వేవిళ్లతో ఒక అధ్యాయం అయిపోతుంది, తర్వాతి అధ్యాయానికి ఉయ్యాల వచ్చేస్తుంది. మధ్య నెలల్లో ఆ మనిషి మంచం మీద పక్కకి ఎలా తిరిగిందో ఎవరూ రాయరు. ఆ సంగతి నాకూ ఆరో నెల దాకా తట్టలేదు.

అప్పటికి వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని మైపాడు దగ్గర మా అమ్మావాళ్ల ఊళ్లో ఉన్నాను. ఒకరోజు లెగ్గిన్స్ వేసుకుందామని ఒంటికాలి మీద నిలబడితే, పొత్తికడుపు కింద ముందు ఎముక దగ్గర కత్తి దిగినట్టయింది. ఇక మెట్లెక్కినా, బీచ్‌లో నాలుగడుగులేసినా అదే. రాత్రిళ్లు మరీ ఘోరం. పక్కకి తిరగాలంటే ముందు ధైర్యం కూడగట్టుకోవాలి. సముద్రం హోరు వింటూ ఎన్ని రాత్రులు తెల్లారాయో.

"కడుపుతో ఉండేవాళ్లకి ఇయన్నీ ఉండేయేలేమ్మా" అంది అమ్మ. చెకప్‌లో డాక్టరమ్మ కూడా "మామూలే" అంది. ఆఫీసులో ఎవరైనా 'నోన్ ఇష్యూ' అని టికెట్ మూసేస్తే గొడవపడే నేను, ఇక్కడ మాత్రం తలూపి వచ్చేశాను. సుకుమారం అనుకుంటారేమోనని.

బాత్రూంకి గోడ పట్టుకుని వెళ్తూ ఒకసారి పడబోయాక, నెల్లూరులో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదటి మాటే, "ఎక్కడ నొప్పి? వేలు పెట్టి చూపించండి." అంతకుముందు నన్నెవరూ అలా అడగలేదు.

పడుకోబెట్టి ఒక కాలు తిన్నగా పైకెత్తమంది. లేవలేదు. తన రెండు చేతులతో నా తుంటిని రెండువైపుల నుంచీ నొక్కి పట్టి, మళ్లీ ఎత్తమంది. లేచింది! నా కాలు నాకు తిరిగి దొరికినట్టు ఏడుపొచ్చేసింది.

దీన్ని పెల్విక్ గర్డిల్ పెయిన్ అంటారని చెప్పింది. కటి ఎముకలు వెనక రెండు చోట్ల, ముందు ఒక చోట కలుస్తాయి. ముందు కీలులో మామూలుగా 4-5 మిల్లీమీటర్ల సందు ఉంటుంది, గర్భంలో అది ఇంకో 2-3 పెరుగుతుంది. అది పెరిగిన అందరికీ నొప్పి రాదు. ఆ కీళ్లు సమంగా కదలనప్పుడు వస్తుంది. ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఉంటుందట. బిడ్డకేం ప్రమాదం లేదు. మామూలే అన్నది నిజమే. మామూలు కాబట్టి వైద్యం అక్కర్లేదనుకోవడమే తప్పు.

చెప్పినవన్నీ చిన్న పనులే. కూర్చుని బట్టలు వేసుకోవడం. మెట్టుకి ఒక్కో అడుగే, రెండు కాళ్లూ కలిశాకే పై మెట్టు. మోకాళ్ల మధ్య దిండు. పక్కకి తిరిగేటప్పుడు మోకాళ్లు మడిచి, దగ్గరగా పెట్టి, ఊపిరి వదులుతూ ఒంటినంతా ఒకేసారి తిప్పడం. తుంటి చుట్టూ బెల్టు. పిరుదులకీ, కటి కింది కండరాలకీ రోజూ వ్యాయామాలు. కారు సీటు మీద బట్టల షాపు కవరు పరుచుకుంటే, కూర్చుని రెండు కాళ్లూ కలిపి లోపలికి జరపడం తేలిక. రొయ్యల గుంటల మధ్య నుంచి ఊరికొచ్చే దారంతా ఆ కవరు మీదే.

నొప్పి పూర్తిగా పోలేదు. కాన్పయిన కొన్ని వారాలకి గానీ పోలేదు. కానీ మూడో వారానికి రాత్రిళ్లు నిద్ర పట్టింది, మీటింగ్ మధ్యలో గోడ పట్టుకోకుండా లేవగలిగాను.

నేను దిండు సర్దుకోవడం చూస్తూ ఒక రాత్రి అమ్మ అంది: "నువ్వు కడుపులో ఉన్నప్పుడు పక్కకి తిరగాలంటే పైట నోట్లో కుక్కుకునేదాన్ని. మీ నాయనమ్మ లేస్తదని." ఆ రోజుల్లో బోరింగు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చేదట.

"ఎక్కడమ్మా నొప్పి?" అనడిగాను. ముప్పై మూడేళ్ల తర్వాత.

అమ్మ ఒక్క క్షణం సిగ్గుపడి, చీర మీద నుంచే వేలు పెట్టి చూపించింది. సరిగ్గా అక్కడే.