కెప్టెన్ల లోయ

ఇంగ్లండ్‌లోని టావిస్టాక్ ఊరు దాటాక దారి సన్నబడిపోయింది. రెండు పక్కలా మనిషెత్తు మట్టికట్టలు, వాటి మీద అల్లుకుపోయిన పొదలు. ఎదురుగా ట్రాక్టరు వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవాల్సిందే. అద్దెకు తీసుకున్న క్యాంపర్ వ్యాన్‌ను రెండుసార్లు అలా వెనక్కి నడిపాను. అరలో గిన్నెలు గలగలమన్నాయి. మా అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ దారి చెప్పింది. మలుపు తిరిగితే కింద టేమర్ ఏరు. ఇవతలి గట్టు డెవన్, అవతలి గట్టు కార్న్‌వాల్. గన్నిస్‌లేక్ దగ్గర 16వ శతాబ్దపు రాతి వంతెన మీద ఒక్క బండే పడుతుంది. ఎటు చూసినా అడవి. ఆ చెట్ల మధ్యలోంచి అక్కడొకటి ఇక్కడొకటి పాత పొగగొట్టాలు.

ఈ లోయకే వెళ్దామని నేను పట్టుబట్టడానికి కారణం మా అవ్వ నోట విన్న ఒక మాట. మాది కుప్పం దగ్గర పల్లె. అవ్వ మామగారు, అంటే మా ముత్తాత, కోలార్ బంగారు గనుల్లో పనిచేశాడు. "కెప్టన్ కంట్లో పడితే ఆ పూట కూలి పోయినట్టే" అని ఆయన అనేవాడట. కెప్టన్ అంటే పట్టాళం మనిషేమో అనుకునేవాణ్ణి. కార్న్‌వాల్ గనుల్లో పని చూసే పెద్దను కెప్టెన్ అంటారనీ, ఆ మాట ఇక్కడి మనుషులతో పాటే ఓడెక్కి కోలార్ చేరిందనీ ఈ దేశం వచ్చాకే తెలిసింది.

మాట ఒక్కటే కాదు, కోలార్ కథ మొదలు కూడా ఈ లోయలో ఉంది. జాన్ టేలర్ అనే ఇంజనీరు 19 ఏళ్లకే టావిస్టాక్ దగ్గరి మేరీ టావీలో రాగి గనికి మేనేజరయ్యాడు. 1803లో టావిస్టాక్ నుంచి మార్వెల్‌హమ్ రేవుకు కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. మధ్యలో కొండ అడ్డొచ్చింది. దాని కడుపులోంచి రెండు కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచారు. 1817లో కాలువ తెరిచారు. అది రేవుకన్నా 70 మీటర్ల ఎత్తున ఆగుతుంది. అక్కడి నుంచి ఖనిజాన్ని వాలు పట్టాల మీద కిందికి దించి ఓడలకెక్కించేవారు. టేలర్ 1863లో పోయాడు. 1880లో కోలార్ గనుల నిర్వహణ చేతిలోకి తీసుకున్నది ఆయన పేరు మీద నడిచిన కంపెనీయే, జాన్ టేలర్ అండ్ సన్స్.

ఆ కాలువ గట్టున చాలాసేపు నడిచాం. నీళ్లు నిలవ లేవు, నెమ్మదిగా కదులుతున్నాయి. దారిలో గనుల చక్రాలను తిప్పాలని కాలువకు కాస్త వాలు అప్పుడే పెట్టారు. ఇప్పుడా నీళ్లతో మార్వెల్‌హమ్‌లో కరెంటు తీస్తున్నారు.

మర్నాడు పొద్దున వ్యాన్‌లోని గ్యాస్ పొయ్యి మీద ఉప్మా చేసుకుని తిని డెవన్ గ్రేట్ కన్సాల్స్ గనికి బయల్దేరాం. 1844లో ఇక్కడ రాగి పడింది. ఒక్క పౌను పెట్టి కొన్న షేరు 800 పౌన్ల దాకా ఎగబాకింది. రాగి తగ్గాక ఆర్సెనిక్ మీద పడ్డారు. అమెరికాలో బంగాళాదుంప చేలను తినేసే పురుగుకు మందు అందులోంచే చేసేవారు. ఖనిజాన్ని కొలిమిలో కాల్చి, ఆ పొగను మెలికలు తిరిగిన గదుల గుండా పోనిస్తే, విషం తెల్లని పలుకులై గోడలకు పట్టుకునేది. కొలిమి చల్లారాక మనుషులు లోపలికి దూరి గోకి తీసేవారు. ముక్కుల్లో దూది, నోటికి గుడ్డ, ఒంటికి బంకమట్టి. వాళ్ల రక్షణ అంతే.

ఆ గదుల శిథిలాల చుట్టూ ఇప్పుడు కంచె ఉంది. కంచె అవతల దిబ్బలు, తుప్పు రంగువి. అంచుల్లో చిన్న పొదలు లేచాయి. నడిమధ్యన గడ్డిపోచ లేదు. గని మూతపడి చాలా ఏళ్లయింది. నేను కంచె పట్టుకుని నిలబడిపోయాను. ఆ రంగు వేరైనా, ఆ బోడితనం నాకు తెలుసు. చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకుని కోలార్ గనుల దగ్గర చూసిన సైనైడ్ దిబ్బలది అదే బోడితనం. ఎండాకాలం గాలి లేస్తే ఆ పొడి ఇళ్లలోకి వచ్చేది, నీళ్ల బిందె మీద మూత లేకపోతే అవ్వ కేకలేసేది.

కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనుల ప్రాంతాన్ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మార్వెల్‌హమ్‌లో చిన్న రైలెక్కించి పాత గనిలోకి తీసుకెళ్తారు. గని పైన సుత్తులతో ఖనిజం పగలగొట్టిన ఆడపిల్లలకు బాల్ మెయిడెన్స్ అని పేరుంది. బాల్ అంటే కార్నిష్ భాషలో గని. ఆ కూలి పిల్లల సంగతి ఇక్కడ మరిచిపోలేదు. నాకు సంతోషమేసింది, కడుపులో కొంచెం మంట కూడా రేగింది. మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగి, 800 టన్నులకు పైగా బంగారం తీసి ఇచ్చిన కోలార్ గనులను 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఆ కూలీల మనవలు ఇప్పుడు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు. మా ముత్తాత ఏ షాఫ్టులో దిగాడో చెప్పే కాగితం ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. కార్న్‌వాల్ కెప్టెన్‌కు దక్కిన గౌరవంలో పావు వంతైనా ఆయన కింద రాయి కొట్టిన మనిషికి దక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ రాత్రి కాల్‌స్టాక్ దగ్గర ఆగాం. ఏటికి అడ్డంగా 12 కమానుల రైలు వంతెన, కింద సముద్రపు పోటుకు వెనక్కి తిరిగిన నీళ్లు. నాయనకు ఫోన్ చేసి చూసిందంతా చెప్పాను. కాలువ గురించి విన్నాడు, సొరంగం గురించి విన్నాడు. తర్వాత అడిగాడు:

"దిబ్బల మింద గడ్డి మొలిచిందా?"

"అంచుల్లో కాస్త. నడాన ఏం లేదు నాయనా."

"మన కాడా అంతే." కాసేపు ఊరకున్నాడు. "ఆ యేటి నీళ్లు పిల్లకు తాపొద్దు, అబ్బోడా."

"లేదు నాయనా, కొళాయి నీళ్లే పట్టినాం."

"ఎన్ని పట్టినారు?"

లేచి టార్చి వేసి, ట్యాంకు ముల్లు ఎంత చూపిస్తోందో చదివి చెప్పాను.