స్వాధీనంలో లేని ఏడుపు

పక్షవాతానికి పడిపోయిన ఎడమ చెయ్యి ఫిజియోథెరపీతో చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు.

పాలబ్బాయి "రేపు అర లీటరు ఎక్కువ పొయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు. అంతే, మూతి వంకరపోయి, గొంతు పూడుకుపోయి వెక్కి వెక్కి ఏడ్చాను. లోపల బాధేమీ లేదు. తోడుకి ఎన్ని పాలు ఉంచాలా అని లెక్క వేసుకుంటూనే ఉన్నాను, కళ్ళు వాటి మానాన అవి కారిపోతున్నాయి. పాపం, ఆ కుర్రాడు క్యాను అక్కడే వదిలేసి మా కోడల్ని కేకేశాడు.

ఏడిస్తే జనం జాలిపడతారు. నవ్వొస్తేనే నరకం. మా మేనమామ పెద్దకర్మనాడు ఆయన కూతురు, మా వదిన, నా పక్కన కూర్చుని ఆయన ఆఖరి రాత్రి గురించి చెబుతోంది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి ఆయన. పొట్ట నొప్పి పుట్టేదాకా నవ్వాను. వదిన లేచి వెళ్ళిపోయింది.

దిగులన్నారు కొందరు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. న్యూరాలజీ డాక్టరుగారు మాత్రం వినగానే 'సూడోబల్బర్ అఫెక్ట్' అన్నారు. ముఖాన్నీ ఊపిరినీ కదిపి ఏడుపూ నవ్వూ బయటికి తెచ్చే ఏర్పాటు మెదడు అడుగున, మెదడుకాండంలో ఉంటుందట. ఎప్పుడు, ఎంత అన్నది నుదుటి వెనకున్న భాగమూ, చిన్నమెదడూ చూసుకుంటాయట. ఆ నడుమ దారులు నాకు స్ట్రోక్‌లో దెబ్బతిన్నాయి. ఇలాంటి ఏడుపు గురించి డార్విన్ 1872లోనే రాశాడట.

మెడిసిన్ చదివే మా మనవడు 1999లో పత్రికకెక్కిన ఒక పారిస్ కేసు చెప్పాడు. పార్కిన్సన్స్ ఉన్న ఒకావిడకి మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి ఒకచోట కరెంటిస్తే, కొన్ని సెకన్లలోనే ఏడుస్తూ ఇక బతకాలని లేదందట. కరెంటు ఆపిన నిమిషన్నర లోపే మామూలైపోయిందట. ఆవిడకి దుఃఖం కూడా వచ్చింది, నాది వట్టి ఏడుపు. అది విన్నాక మా ఇంట్లో "మనసు గట్టి చేసుకో" అనడం మానేశారు. మందుకన్నా అదే ఎక్కువ మేలు చేసింది.

మందంటే డిప్రెషన్‌కి ఇచ్చేదే, తక్కువ మోతాదులో. నాకు దిగులు లేదు కదండీ అంటే, ఇది దానికి కాదమ్మా అన్నారు. ఇప్పుడు రావడం తగ్గింది. వచ్చేలా ఉంటే కూర్చున్న తీరు మార్చి, ఊపిరి మెల్లగా వదులుతాను.

మొన్న మామయ్య సంవత్సరీకానికి నన్ను పిలవలేదు. ఆ రాత్రి కూర్చుని ఏడుస్తుంటే కోడలు వచ్చి, "మందు వేసుకున్నారా అత్తయ్యా?" అని అడిగింది.