కట్టె, కొట్టె, తెచ్చె

మా అమ్మ పాటల పుస్తకంలో ఏ పాటా పూర్తిగా ఉండదు. పల్లవి మొదటి రెండు మాటలు, ఒక్కో చరణానికి ఎత్తుగడ, గొంతు ఎక్కడ పైకి వెళ్లాలో అక్కడ పెన్సిలుతో చిన్న గీత. పెళ్లిళ్లలో మంగళహారతి పాడేటప్పుడు దాన్ని ఒళ్లో తెరిచి పెట్టుకునేది. "మిగతాది రాసుకోలేదేమమ్మా?" అని ఒకసారి అడిగాను. "వచ్చింది రాసుకోవడమెందుకురా? మరిచిపోయేదే రాసుకోవాలి" అంది.

నోట్సు గురించి అంతకన్నా మంచి పాఠం నేనెక్కడా వినలేదు.

కాలేజీలో నేను రాసింది రన్నింగ్ నోట్సు. మాస్టారి నోట వచ్చిన ప్రతి మాటా పొల్లు పోకుండా దించేవాణ్ని. నా పక్కన కూర్చునే స్నేహితుడు పేజీకి పది మాటలు రాసేవాడు. వాటి మధ్య బాణాలు, ఒకటి రెండు డబ్బాలు, అనుమానం వచ్చినచోట ప్రశ్న గుర్తు. పరీక్ష ముందురోజు నాకు రెండు వందల పేజీలు తిరగేసే పని ఉండేది, వాడికి గంట చాలేది. వాడు వింటూ ఆలోచించేవాడు, నాకు రాయడంతోనే సరిపోయేది.

1950ల్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ఆచార్యుడు విద్యార్థులకు ఒక పద్ధతి నేర్పాడు. పేజీలో కుడివైపు వెడల్పు భాగంలో పాఠం, ఎడమవైపు సన్నటి భాగంలో దాని మీద ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యాల్లో సారాంశం. చదివేటప్పుడు కుడివైపు మూసేసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాలి. కిటుకంతా ఆ మూయడంలోనే ఉంది.

శ్రీనివాస రామానుజన్ కాగితం ఖరీదని పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. ఆ మూడు నోటుబుక్కుల్లోని ఫలితాలకు నిరూపణలు కూర్చి గణితవేత్త బ్రూస్ బెర్న్‌ట్ 1985 నుంచి 1998 దాకా అయిదు సంపుటాలు వెలువరించాల్సి వచ్చింది. రామాయణాన్ని మనవాళ్లు కట్టె, కొట్టె, తెచ్చె అని మూడు మాటల్లో చెప్పేశారు. కథ తెలిసినవాడికి ఆ మూడూ చాలు. తెలియనివాడికి అవి మూడు మాటలే.

అందుకే హైదరాబాదులో చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టుపక్కల గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల చేతుల్లో ఎవరో ర్యాంకరు నోట్సు జిరాక్సు కట్టలు చూస్తే నాకు దిగులేస్తుంది. ఆ కట్టలో ఉన్నది ఆ ర్యాంకరు మరిచిపోయే సంగతులు. మీరు మరిచిపోయేవి వేరు.

పాఠం అయ్యాక పుస్తకం మూసి, గుర్తున్నదంతా మీ మాటల్లో అర పేజీ రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, జారిపోయినవాటిని ఎర్ర సిరాతో చేర్చండి. ఆ ఎర్ర అక్షరాలే మీ అసలు నోట్సు.