గబ్బిలం రెక్కలు

మార్చి 23, 2025. పోర్ట్‌బ్లెయిర్

ఊరి పేరు శ్రీ విజయపురం అయి ఆరు నెలలైంది, నోరింకా తిరగడం లేదు. 1942లో జపాన్ సైన్యం ఇక్కడ దిగింది ఈ తారీఖునే. సాయంత్రం కార్బిన్స్ కోవ్‌కి వెళ్తే, వాళ్లు కట్టిన బంకర్ కంతలో ఎవరో తడి తువ్వాలు ఆరేసి ఉంచారు.

రాత్రి ఫోన్‌లో ఆర్థర్ షిక్ బొమ్మ ఒకటి కనబడింది. అమెరికా పత్రిక 'కోలియర్స్' 1942 డిసెంబర్ 12 సంచిక అట్ట. గబ్బిలం రెక్కల జపాన్ సైనికుడు బాంబు పట్టుకుని పెర్ల్ హార్బర్ మీదికి వస్తున్నాడు. అప్పటికి ఆ గబ్బిలం మా దీవిలో వాలి తొమ్మిది నెలలు.

మార్చి 29

షిక్ పోలండ్ యూదుడు. 1894లో వూచ్‌లో పుట్టాడు. పస్కా రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునే హగ్గదాకి 1934-36లో 48 పుటల బొమ్మలు వేశాడు. మొదట వాటిలో నాజీల స్వస్తికలూ ఉండేవి (మన గడప మీది పసుపు స్వస్తిక్ కాదు); అచ్చుకి పోయేముందు రంగు పూసి కప్పేయాల్సొచ్చింది. 1940లో లండన్‌లో పుస్తకం వచ్చింది. ఆ ఏడే అమెరికా చేరాడు.

బాపూ అటు రాముణ్ణీ ఇటు కార్టూన్లనీ గీసినవాడే. కానీ ఆయన కార్టూన్‌కి నాలుగు గీతలు చాలు. షిక్ అలా కాదు. ప్రార్థన అక్షరం చుట్టూ లత అల్లిన ఓపికతోనే నాజీ నేత గోరింగ్ కోటు మీద పతకాలూ దిద్దాడు. కోపానికి ఇంత నగిషీ నేనెక్కడా చూడలేదు.

ఏప్రిల్ 6

ఇంటి ఓనరు దాదీకి ఆ గబ్బిలాన్ని చూపించాను. జపాన్‌వాళ్లున్న రోజుల్లో ఆవిడ చిన్నపిల్ల. కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, బొమ్మని పెద్దది చేయించుకుని చూసింది. "పళ్లు ఇలా ఉండేవి కావు బేటా. మామూలు మనుషులే" అని ఫోన్ ఇచ్చేసింది.

ఆ మామూలు మనుషులే 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులంటూ కాల్చేశారు. కోరపళ్లు లేకుండా గీసి ఉంటే ఇంకా భయమేసేదేమో. ఈ మాట షిక్ ఎదురుగా అనగలనా? వాళ్లమ్మని నాజీలు చంపేశారు.

ఏప్రిల్ 12

ఇవాళే పస్కా రాత్రి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మన తెలుగు యూదులకీ ఇదే పండగ.

హగ్గదాలో నలుగురు కొడుకులుంటారు. తెలివైనవాడు, చెడ్డవాడు, అమాయకుడు, అడగడం కూడా తెలియనివాడు. షిక్ చెడ్డవాడికి జర్మన్ వేషం వేసి హిట్లర్ మీసం పెట్టాడట. వాణ్ణి చూద్దామని కూర్చున్నాను. నెట్ నత్తనడక. టోపీ వచ్చింది, ఈక వచ్చింది, మీసం దగ్గర ఆగిపోయింది.